‘అన్నం సహించడం లేదు’ అన్న మాట వెనుక

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పేజీలో ఇటీవల బరువు తగ్గడం గురించి వచ్చిన కథనం చదివాక ఈ లేఖ రాస్తున్నాను. ఊబకాయం వల్ల మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు వస్తాయని అందులో చెప్పినదంతా నిజమే. దానితో నాకు పేచీ లేదు. అయితే తిండి మానడమే జబ్బుగా మారినవారు కూడా మన మధ్య ఉన్నారు. ఆ జబ్బును అనరెక్సియా అంటారు. వారిని మొదట చూసేది మానసిక వైద్యులు కారు. నాబోటి జనరల్ ఫిజీషియన్లు, పిల్లల డాక్టర్లు, స్త్రీల డాక్టర్లు, పళ్ల డాక్టర్లు. చూసి కూడా మాలో చాలామందిమి గుర్తించలేకపోతున్నాం. వైద్యుల పత్రికకు రాయవలసిన సంగతిని దినపత్రికకు రాస్తున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. మా వాళ్లు వైద్య పత్రికలు చదువుతారో లేదో గానీ పొద్దున కాఫీతోపాటు మీ పత్రిక మాత్రం తప్పకుండా చదువుతారు.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ‘అన్నం సహించట్లేదండీ, రెండు ముద్దలు తింటే చాలు కడుపు బిగదీసుకుపోతోందంటుంది’ అన్నది ఆమె ఫిర్యాదు. అప్పటికే వేరే చోట ఎండోస్కోపీ చేశారు, టీబీ పరీక్షలు చేశారు, థైరాయిడ్ చూశారు, నెలసరి ఆగిపోయిందని హార్మోన్ మాత్రలు వాడించారు. రిపోర్టులన్నీ నార్మల్. నేను కూడా ఆకలి పుట్టించే సిరప్, బీ12 ఇంజెక్షన్లు రాసి, ‘పరీక్షల టెన్షనమ్మా, అదే తగ్గిపోతుంది’ అని పంపించేశాను. రెండోసారి వచ్చినప్పుడూ అదే చీటీ. మూడోసారి వచ్చింది రోహిణి కార్తెలో. బీపీ చూడబోయిన మా సిస్టర్ లోపలికి వచ్చి, ‘సార్, బయట రోళ్లు పగిలే ఎండ, ఈ పిల్లేమో స్వెట్టర్ విప్పనంటోంది’ అని చెబితే గానీ నేను రిపోర్టుల మీద నుంచి తలెత్తి ఆ పిల్లను సరిగా చూడలేదు.

బతిమాలి స్వెట్టర్ తీయిస్తే చేతుల నిండా నూగులాంటి సన్నటి వెంట్రుకలు కనిపించాయి. వేళ్ల కొసలు చల్లబడి నీలం తిరిగి ఉన్నాయి. నాడి నిమిషానికి 42. పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి చూస్తే పై బీపీ ఇరవైకి మించి పడిపోయింది. బరువు 34 కిలోలు; వాళ్లమ్మ లెక్క ప్రకారం ఏడాది కిందట 51. తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, ‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నావమ్మా’ అని అడిగాను. చట్నీ లేకుండా ఒక ఇడ్లీ, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి మీగడ తీసిన పాలు అరగ్లాసు. శనివారం ఒక్కపొద్దు, గురువారం ఉపవాసం, ఈ మధ్య సోమవారం కూడా వాటితో కలిసింది. ‘భక్తి పెరిగిందనుకున్నామండీ, దేవుడి పేరు చెబితే ఎవరు కాదంటారు’ అని తల్లి తర్వాత కళ్లు తుడుచుకుంది. ఇంకో సంగతీ చెప్పింది. తాను తినని ఈ పిల్ల అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తుందట; తమ్ముడికి నేతి దోసెలు దగ్గరుండి వేసి పెట్టి, వాడు ఆఖరి తునక తినేదాకా కంచం ముందు నుంచి కదలదట.

ఇంట్లోవాళ్లకు అంతుబట్టని ఆ ప్రవర్తన వైద్యశాస్త్రానికి ఎనభై ఏళ్లుగా తెలిసినదే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, శరీరానికీ మనసుకూ ఏ జబ్బూ లేని 36 మంది యువకులకు, వారి ఇష్టంతోనే, దాదాపు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టి పరిశీలించారు. వారి బరువు పావు వంతు తగ్గేసరికి, వంటింటి గడప తొక్కని మగవాళ్లు వంటల పుస్తకాలు పోగుచేయడం, ఉన్న కాస్త తిండిని ముక్కలు ముక్కలు చేసి గంటల తరబడి నమలడం, చలికి వణకడం, అయినదానికీ కానిదానికీ చిరాకు పడి దిగులుతో ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టారు. సన్నబడాలన్న కోరిక వారిలో ఎవరికీ లేదు. పస్తు తనంతట తానే మనసును తిండి చుట్టూ గానుగెద్దులా తిప్పుతుందన్నమాట. అందుకే ఈ జబ్బులో బరువు పెంచడం వైద్యానికి మొదటి మెట్టు. కడుపు మాడుతున్న మెదడుకు ఎంత మంచి కౌన్సెలింగ్ అయినా ఎక్కదు.

ఇది ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిపెట్టిన కొత్త రోగమనీ, డబ్బున్నవాళ్ల పిల్లలకు వచ్చే పాశ్చాత్య జబ్బనీ మా వైద్యుల్లోనే చాలామంది నమ్మకం. అద్దం ముందు సెల్ఫీలు దీన్ని ఎగదోయడం నిజమే గానీ, లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసేగ్ అనే వైద్యులు ఎవరికి వారే దీన్ని వర్ణించినది 1873లో. అనరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టినదే. మన దేశానికి వస్తే, ఢిల్లీ ఎయిమ్స్ మానసిక వైద్యులు 1995లోనే ఐదుగురు యువతుల కేసులను ప్రచురించారు. బెంగళూరులో మానసిక వైద్యులను అడిగి తెలుసుకుని 2012లో ప్రచురించిన సర్వేలో, మూడింట రెండొంతుల మంది తమ ప్రాక్టీసులో ఇలాంటి కేసు ఒక్కటైనా చూశామన్నారు. వాళ్లకు కనిపించిన జబ్బు మన జిల్లాల్లో లేదంటే నేను నమ్మను. ఇక్కడ అది గ్యాస్ పేరుతోనో, రక్తహీనత పేరుతోనో, ఉపవాసం పేరుతోనో తిరుగుతోంది.

మన దగ్గర ఇది దొరక్కుండా పోవడానికి ఇంకో బలమైన కారణం ఉంది. పాఠ్యపుస్తకంలోని రోగి ‘లావైపోతానేమోనని భయం’ అంటుంది. ఢిల్లీ కేసులలో తిండి మానడం, వాంతులు, బరువు పడిపోవడం, నెలసరి ఆగిపోవడం ఉన్నాయి గానీ లావు మీద ఆ భయం బయటపడలేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు 1990లలో చూపించినదీ ఇదే: అక్కడి రోగుల్లో చాలామంది కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ చెప్పారే తప్ప లావు ప్రసక్తి తేలేదు. మన పిల్లలూ ‘సహించదు, అరగదు, వికారం’ అంటారు. భయం మాట నోటితో చెబితేనే రోగ నిర్ధారణ చేస్తామని కూర్చుంటే ఆ మాట ఎప్పటికీ వినబడకపోవచ్చు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే పుస్తకం) ప్రమాణాలు ఈ పట్టును సడలించాయి. బరువు పెరగకుండా పదేపదే అడ్డుపడే ప్రవర్తన ఉంటే, నోటి మాటగా భయం చెప్పకపోయినా చాలు. నెలసరి ఆగిపోయి ఉండాలన్న నియమాన్నీ అప్పుడే తీసేశారు. నేను చదువుకున్న రోజుల్లో అది తప్పనిసరి లక్షణం. ఆ పాత పాఠంతోనే ఇప్పటికీ ప్రాక్టీసు చేస్తున్నవాళ్లం తక్కువేమీ కాదు.

బక్కపలచని పిల్లలు మన ఓపీలకు కొత్త కాదు, వాళ్లందరికీ ఈ ముద్ర వేయమని నేను అనడం లేదు. పేదరికంలో చిక్కిపోయిన పిల్లకు కంచం పెడితే తింటుంది. ఈ పిల్ల ముద్దను చున్నీలో దాచి పెరట్లో పారేస్తుంది. టీబీ, థైరాయిడ్, మధుమేహం, పేగు జబ్బులు కాదని తేల్చుకోవలసిందే, కానీ ఒక పరీక్ష తర్వాత ఒక పరీక్షగా ఏడాది గడపకుండా, మొదటి రోజునే తిండి గురించిన ప్రశ్నలూ వాటితోపాటు అడగాలి. లండన్‌లో తయారై 1999లో ప్రచురితమైన స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల జాబితా ఉంది. కడుపు నిండిపోయిందన్న ఇబ్బందితో కావాలని వాంతి చేసుకుంటున్నావా? తినడం మొదలుపెడితే నీ చేతిలో ఉండట్లేదని బాధగా ఉంటోందా? మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా? అందరూ సన్నగా ఉన్నావంటుంటే నీకు మాత్రం లావుగా ఉన్నట్టు అనిపిస్తోందా? తిండి ఆలోచనే రోజంతా నిన్ను ఏలుతోందా? రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. వీటికి మన ఇళ్లకు తగిన ఒక ప్రశ్న నేను కలుపుకున్నాను: ఉపవాసం విడిచేటప్పుడు ఏం తింటావు? మొక్కు ఉన్నవారు ఉపవాసం విడిచి హాయిగా ఫలహారం చేస్తారు. ఈ జబ్బు ఉన్నవారికి ఉపవాసం విడిచే వేళ రాదు.

అనరెక్సియా కనీసం ఒంటి మీద కనిపిస్తుంది. బులీమియా అలా కాదు. ఒక్కసారిగా అదుపు లేకుండా తినడం, ఆ వెంటనే వాంతి చేసుకోవడమో విరేచనాల మాత్రలు మింగడమో చేయడం, మనిషి బరువు మాత్రం మామూలుగానే ఉండడం దీని తీరు. జెరాల్డ్ రస్సెల్ 1979లో దీనికి పేరు పెట్టి, వాంతి కోసం వేళ్లు నోట్లో పెట్టుకోవడం వల్ల పిడికిలి కణుపుల మీద ఏర్పడే కాయల గురించి రాశారు. నా దగ్గరికి ఇలాంటి ఒక యువతిని పంపినది ఒక పళ్ల డాక్టర్. పై వరుస ముందు పళ్లు లోపలివైపు మాత్రమే అరిగి ఉండడం చూసి, చెవుల కింద గవదబిళ్లల్లాంటి వాపు తడిమి, ‘ఇది బ్రష్ వల్ల అరిగినది కాదు, మీరు ఒకసారి చూడండి’ అని చీటీ రాశారు. పొటాషియం 2.6 ఉంది. అంత తగ్గితే గుండె లయ ఏ క్షణాన్నయినా తప్పవచ్చు. కాళ్లు లాగుతున్నాయని ఆమె అంతకు ముందు ఆరు నెలలుగా కాల్షియం మాత్రలు వాడుతోంది. ఆ పళ్ల డాక్టర్ గారికి నేను రుణపడి ఉన్నాను.

చికిత్సలో ప్రమాదకరమైన ఘట్టం మనం మంచి చేస్తున్నామనుకున్నప్పుడే వస్తుంది. నేను మొదట చెప్పిన ఇంటర్ అమ్మాయిని అడ్మిట్ చేసిన రాత్రి బంధువులు ‘నీరసంగా ఉంది, ఒక సీసా ఎక్కించండి’ అన్నారు. డ్యూటీ డాక్టర్ గ్లూకోజ్ పెట్టబోతుంటే ఆపవలసి వచ్చింది. చాలా కాలం పస్తున్న శరీరం కొవ్వు కరిగించుకుని బతుకుతూ ఉంటుంది. ఒక్కసారిగా పిండి పదార్థం అందితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి తోసుకుపోతాయి. గుండె, ఊపిరితిత్తులు పనిచేయడానికి కావలసిన ఫాస్ఫేట్ రక్తంలో అడుగంటుతుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ (విటమిన్ బీ1) ఇవ్వాలి, తిండి మెట్టు మెట్టుగా పెంచాలి, మొదటి వారం రోజులూ ఫాస్ఫేట్ రోజూ చూడాలి. మా ల్యాబ్‌లో ఫాస్ఫరస్ పరీక్ష రాసేవారే లేక దానికి వాడే రసాయనం గడువు దాటిపోయి ఉంది; రక్తం విజయవాడ పంపించి చూస్తే మూడో రోజున ఫాస్ఫేట్ పడిపోతోందని తెలిసింది. దానికి భయపడి రోజుల తరబడి చాలీచాలని తిండితో సరిపెట్టడమూ తప్పే, అలా చేసినా రోగి చిక్కిపోతుంది. ఇంకొక మాట: రక్త పరీక్షలన్నీ బాగున్నంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదు. పగటిపూట మేలుకొని ఉండగా నాడి 50 కంటే తక్కువ ఉన్నా, నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, ఈసీజీలో తేడా ఉన్నా, చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నా ఆ పిల్లను ఇంటికి పంపకూడదు. అనరెక్సియాతో చనిపోయేవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు ఆత్మహత్య చేసుకుంటున్నవారే.

గైనిక్ మిత్రులకు ఒక విన్నపం. బరువు పడిపోయి నెలసరి ఆగిన పిల్లకు హార్మోన్ మాత్రలిస్తే రక్తస్రావం కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. ఎముకలు మాత్రం లోలోపల పలుచబడుతూనే ఉంటాయి, ఆ మాత్రలు వాటిని కాపాడవు. ఆ ఇంటర్ అమ్మాయి విషయంలో ఆరు నెలలు అలాగే గడిచిపోయాయి.

ఆసుపత్రి నుంచి వెళ్లాక అసలు వైద్యం ఇంట్లోనే జరగాలి. లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతిలో, కొంతకాలం పాటు పిల్ల తిండి బాధ్యతను తల్లిదండ్రులే పూర్తిగా తీసుకుంటారు. ఏం తినాలో, ఎంత తినాలో వాళ్లే నిర్ణయిస్తారు, ప్రతి పూటా పక్కన కూర్చుంటారు, వాదించరు, తిట్టరు, కంచం ఖాళీ అయ్యేదాకా లేవరు. కౌమారంలో ఉన్నవారికి బాగా రుజువైన చికిత్స ఇది. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు; ముద్ద కలిపి నోట్లో పెట్టే అలవాటున్న మన ఇళ్లకు ఇది ఏమంత కొత్త సంగతి అనుకున్నాను. తీరా మొదలుపెట్టాక కష్టం తెలిసింది. తండ్రి మూడో రోజుకే ‘రెండు తగిలిస్తే అదే తింటుంది’ అన్నాడు, నాయనమ్మ దిష్టి తీయించింది, పెళ్లిలో కలిసిన మేనత్త ‘ఎంత స్లిమ్ అయ్యావే, ఎలాగో మాకూ చెప్పు’ అని ముచ్చటపడింది. ఆ ఒక్క మాటతో వారం రోజుల శ్రమ వెనక్కి పోయింది. పిల్లకు వచ్చింది మొండితనం కాదు, జబ్బు అని ఆ తండ్రికి మిన్నెసోటా కథే రెండుసార్లు చెప్పాను. తర్వాత ఆఫీసుకు రోజూ గంట ఆలస్యంగా వెళ్లేలా అనుమతి తీసుకుని టిఫిన్ దగ్గర కూర్చున్నది ఆయనే. బరువు నిలదొక్కుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పెళ్లి భోజనమంటే ఇప్పటికీ బెదురేనట.

మందుల గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. అనరెక్సియాను నయం చేసే మాత్ర లేదు. బులీమియాకు ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే సీబీటీ అనే మాటల చికిత్స ముఖ్యం. ఫ్లుయోక్సెటిన్ కూడా పనిచేస్తుంది, అయితే దిగులుకు వాడే 20 మిల్లీగ్రాముల మోతాదు కాక 60 మిల్లీగ్రాములు కావాలి. దిగులుకే వాడే బ్యుప్రొపియాన్ అనే ఇంకో మందు మాత్రం వీరికి ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ముప్పుంది.

ఇక మూడోది, అన్నింటికంటే ఎక్కువ మందిలో ఉండేది, బింజ్ ఈటింగ్. వాంతులు లేకుండా, ఆకలితో పని లేకుండా, ఎవరూ చూడనప్పుడు కడుపు నొప్పెట్టేదాకా తిని ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం దీని లక్షణం. ఇలాంటివారు మా షుగర్ ఓపీలోనే కూర్చుంటారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూసి ‘నోరు కట్టుకోవయ్యా’ అని కసురుకుంటాం. అతడు నిజంగానే పగలంతా నోరు కట్టుకుంటాడు, ఆ పస్తే రాత్రి పదకొండింటికి అతణ్ని ఫ్రిజ్ దగ్గరికి తోస్తుంది. మేము చెప్పిన సలహాయే జబ్బును పోషిస్తోందన్న ఎరుక మాకుండాలి. అలాగే టైప్-1 మధుమేహం ఉన్న ఆడపిల్ల పదేపదే కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పేరుకుపోయే ప్రమాద స్థితితో) వస్తోందంటే, బరువు తగ్గడం కోసం ఇన్సులిన్ ఎగ్గొడుతోందేమో ఒక్కసారి మెల్లగా అడగాలి. జిమ్‌లో ఒంటి కొవ్వు కరిగించే ‘కటింగ్’ పేరుతో నెలల తరబడి కోడిగుడ్డు తెల్లసొన మీద బతికే మగపిల్లల్నీ ఈ ప్రశ్నలే అడగాలి. మగవాళ్లకు ఈ జబ్బు రాదన్నది అపోహ.

ప్రభుత్వాలను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమంలో పోషకాహారం, మానసిక ఆరోగ్యం రెండూ ఉన్నాయి గానీ, రెండింటికీ మధ్యనున్న ఈ జబ్బును అడిగే ప్రశ్నలు కౌమార ఆరోగ్య క్లినిక్కుల్లో అడుగుతున్నట్టు నాకు కనిపించలేదు. ఐరన్ మాత్రలిచ్చే చేత్తోనే ఆ ఐదు ప్రశ్నలూ తెలుగులో ఇవ్వవచ్చు. హౌస్‌సర్జన్లకు మానసిక విభాగం పోస్టింగులో ఒక్క పూటైనా దీనికి కేటాయించాలి. ప్రతి బోధనాసుపత్రిలో ఫిజీషియన్, మానసిక వైద్యుడు, డైటీషియన్ కలిసి చూసే ఏర్పాటు వారానికొక రోజున్నా చాలు. బీమా సంస్థ ఇది మానసిక జబ్బంటూ ఆ ఇంటర్ అమ్మాయి క్లెయిము తిప్పికొట్టింది. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోందని ఆ తండ్రి లేఖ రాసి, మూడు నెలలు తిరిగాక గానీ డబ్బు రాలేదు. అలాంటి తిరస్కారం ఎదురైన తల్లిదండ్రులు ఆ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి.

చివరగా మీ పత్రికకు. ఆ అమ్మాయి లాంగ్ నోట్‌బుక్‌లో వెనుక పేజీల నిండా బరువు తగ్గిన వారి ‘అప్పుడు - ఇప్పుడు’ ఫొటోలు, ‘నెలలో 8 కిలోలు’ వంటి శీర్షికలు కత్తిరించి అంటించి ఉన్నాయి. అవి ఏ పత్రికవో నేను చూడలేదు, చూడవలసిన అవసరమూ లేదు. ఆరోగ్య పేజీలో బరువు గురించి రాసేటప్పుడు కిలోల లెక్కను శీర్షికకు ఎక్కించవద్దనీ, ఆ ఫొటోలు వేయవద్దనీ, కథనం కింద ఈ జబ్బుల లక్షణాలు నాలుగు వాక్యాల్లో చెప్పి, తెలుగులో మాట్లాడగలిగిన టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) ఉచిత సహాయ నంబరు 14416 అచ్చువేయమనీ కోరుతున్నాను. ఆ నోట్‌బుక్ లాంటిది ఏ ఇంట్లోనైనా ఉంటే, ఆ నంబరు కూడా అదే పేజీలో ఉంటుంది.

భవదీయుడు,
ఒక జనరల్ ఫిజీషియన్,
ఏలూరు